బండి మనదే, పానా మనదే: డ్యూయల్ స్పోర్ట్ ప్రశ్నలూ జవాబులూ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తారు రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచే (డ్యూయల్ స్పోర్ట్) ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 411 బండ్ల గురించే. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ఇందులో చెప్పిన పనులన్నీ ఇంటి ముందు, మామూలు పానాల సెట్టు, ఒక మల్టీమీటరు, ఒక టార్క్ రెంచి ఉంటే అయిపోయేవే.

ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వాల్వ్ కొత్తగా కొన్నాను. మారేడుమిల్లి, గుడిస వైపు మట్టిదారుల్లో తిరగాలని ఉంది. చేతిలో ఇరవై వేలున్నాయి. ముందు ఏం కొనాలి? లైట్లా, లెగ్ గార్డా, క్యారియరా?
పాఠకుడు, రాజమహేంద్రవరం

మొదటి పని కొనడం కాదండీ, సర్దడం. బండి మీద నిలబడి చేతులు హ్యాండిల్ మీద వేసి చూడండి. వేళ్ళు లివర్ల మీదికి చాపినప్పుడు మణికట్టు పైకి విరుచుకుంటోందంటే లివర్లు బాగా పైకి లేచి ఉన్నట్టు. షోరూమ్‌లో కూర్చుని నడిపేవాళ్ళ కోసం బిగిస్తారు. మట్టిదారిలో సగంసేపు నిలబడే నడుపుతాం కాబట్టి క్లాంపు వదులు చేసి లివర్లను కాస్త కిందికి తిప్పండి. మళ్ళీ బిగించేటప్పుడు ఊపిరాడకుండా బిగించొద్దు. అరచేత్తో గట్టిగా గుద్దితే లివరు తిరగాలి, మామూలుగా పట్టుకుంటే కదలకూడదు. బండి పడ్డప్పుడు లివరు తిరిగిపోతే విరగదు. బ్రేకు పెడలు, గేరు లివరు ఎత్తును కూడా మీరు వేసుకునే బూట్లతోనే సరిచూడండి. చెప్పుల కాలితో చూసి సరిచేస్తే బూటు గేరు కిందకి దూరదు. ఫుట్‌పెగ్ మీద రబ్బరు ఊడదీసే వీలుంటే తీసి పక్కన పెట్టండి. బురద బూటుకి రబ్బరు సబ్బులా జారుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మొదట హ్యాండ్ గార్డులు. లోపల అల్యూమినియం పట్టీ ఉండి, రెండు చోట్ల బిగిసేవి తీసుకోండి: ఒకటి హ్యాండిల్ చివర, రెండోది మధ్యలో. ఒక్కచోటే బిగిసే ప్లాస్టిక్‌వి గాలి ఆపుతాయి, లివరును కాపాడవు. తరువాత ఇంజన్ కింద బ్యాష్ ప్లేటు. కంపెనీ ఇచ్చిన పలక చిన్న రాళ్ళకి చాలు గానీ, బండి పొట్ట బండరాయి మీద కూర్చుంటే 3 నుంచి 4 మి.మీ. మందం అల్యూమినియం కావాలి. కొనేముందు రెండు చూడండి: ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి రంధ్రం ఉందా, ఆయిల్ కూలరుకి గాలి తగలకుండా అడ్డం వస్తోందా. రంధ్రం లేని ప్లేటు కొన్నవాళ్ళు ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్ని విప్పుతూ, చివరికి ఓ రోజు తిరిగి బిగించడం మానేస్తారు.

పెద్ద వంపుల లెగ్ గార్డు గురించి మా అభిప్రాయం వేరు. తారు రోడ్డు మీద జారిపడితే అది ఇంజన్‌కు మేలే చేస్తుంది. మట్టిగుంటలో నెమ్మదిగా పక్కకి ఒరిగినప్పుడు మాత్రం కాలు దానికీ నేలకీ మధ్య ఇరుక్కుంటుంది. వేసుకోవాలనుకుంటే ఇంజన్‌కి దగ్గరగా ఉండే సన్నటిది వేయండి. మిగిలిన డబ్బుతో మోకాళ్ళకి గార్డులు, మడమ దాటే బూట్లు కొనండి. లైట్లూ క్యారియరూ ఆ తరువాత. టైర్ల జోలికి ఇప్పుడే వద్దు, ఉన్నవి అరిగాక అదే సైజులో, ముందు 90/90-21, వెనక 120/80-18, గళ్ళు లోతుగా ఉన్నవి చూసుకోండి.

హిమాలయన్ 411. నేనొక్కణ్ణే నడిపితే బాగుంటుంది. మా ఆవిడా, రెండు పక్కల సంచులూ ఎక్కితే గుంతలో వెనక "దబ్" మని కొడుతోంది, ముందు చక్రం తేలినట్టుంది, ఎదురొచ్చేవాళ్ళు లైటు కళ్ళలో పడుతోందని హారను కొడుతున్నారు. షాకబ్జర్ మార్చాలా?
పాఠకుడు, హనుమకొండ

మార్చాల్సిన అవసరం దాదాపు ఉండదు. మీరు చెప్పిన మూడు లక్షణాలకీ కారణం ఒక్కటే: వెనక స్ప్రింగు బరువుకి మునిగిపోతోంది. వెనక దిగితే ముందు లేస్తుంది. అందుకే హ్యాండిల్ తేలికగా, లైటు ఆకాశం వైపు. ఎంత మునుగుతోందో కొలిస్తే తప్ప ఏం చేయాలో తేలదు. టేపూ, ఓపిక ఉన్న ఇంకో మనిషీ చాలు.

సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం గాల్లో ఉండేలా చూడండి. యాక్సిల్ నట్టు మధ్య నుంచి నిటారుగా పైకి, తోక దగ్గర ప్లాస్టిక్ మీద ఒక చోట టేపు ముక్క అంటించి, ఆ దూరం కొలవండి. అది మొదటి కొలత. స్టాండు దించి, బండిని నిటారుగా పట్టుకుని, సీటును రెండుమూడుసార్లు నొక్కి వదిలి, అదే దూరం మళ్ళీ కొలవండి. ఇది రెండోది. హెల్మెట్, బూట్లతో సహా మీరు ఎక్కి కూర్చుని, కాళ్ళు పెగ్గుల మీద పెట్టి (పక్కవాళ్ళు హ్యాండిల్ పట్టుకోవాలి) కొలిస్తే మూడోది వస్తుంది.

మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే వచ్చేదే మీ సాగ్. వెనక షాకబ్జర్‌ మొత్తం ప్రయాణంలో అది మూడోవంతుకి కాస్త లోపుగా ఉండాలి. హిమాలయన్ 411 వెనక ప్రయాణం 180 మి.మీ., కాబట్టి 55 నుంచి 60 మి.మీ. మధ్య సరి. ఉదాహరణకి స్టాండు మీద 620, మీరొక్కరే కూర్చుంటే 565 వచ్చిందనుకోండి. తేడా 55, బాగుంది. ఇద్దరూ సంచులూ ఎక్కాక 530 వస్తే తేడా 90. అంటే గుంత రాకముందే సగం ప్రయాణం ఖర్చయిపోయింది. మిగిలిన సగం అయిపోయాక వినిపించేదే ఆ "దబ్".

దీనికి మందు ప్రీలోడ్. షాకబ్జర్ పైన ఉన్న గళ్ళ రింగును కొంకి పానాతో బిగించే దిశలో తిప్పి, స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచాలి. తిప్పేముందు మరల మీది మట్టిని నీళ్ళతో కడిగి, కాస్త డబ్ల్యూడీ-40 చల్లండి. ఇసుకతో తిప్పితే అల్యూమినియం మరలు అరిగిపోతాయి. కొంచెం తిప్పడం, మళ్ళీ కొలవడం, అంతే. ఒంటరి ప్రయాణానికీ ఇద్దరి ప్రయాణానికీ ఎన్ని మెట్లు తేడానో ఒకసారి తేల్చుకుని స్టోరేజీ మూత లోపల రాసి పెట్టుకోండి. ఇంటికి రాగానే తిరిగి తగ్గించడం మరిచిపోతే ఒంటరిగా నడిపేటప్పుడు వెనక చక్రం కంకర మీద ఎగురుతుంది.

రెండో కొలత ఎందుకు తీసుకోమన్నామో చాలామంది అడుగుతారు. ప్రీలోడ్ బిగించి సాగ్‌ను 60కి తెచ్చారు, కానీ మనిషి దిగాక బండి తన బరువుకి అసలు దిగడమే లేదంటే (మొదటి, రెండో కొలతలు ఒకటే అయితే) స్ప్రింగు మీ బరువుకి మెత్తనిది. అప్పుడు మార్చాల్సింది స్ప్రింగు, మొత్తం షాకబ్జర్ కాదు. బండి సొంత బరువుకి 15 నుంచి 20 మి.మీ. దిగుతుంటే స్ప్రింగు సరైనదే.

ఇక సంచులు. బరువైనవి (పనిముట్లు, నీళ్ళు, ట్యూబులు) పక్క సంచుల్లో అడుగున, వీలైనంత ముందుకి, వెనక కూర్చున్నవాళ్ళ కాళ్ళకి దగ్గరగా. వెనక క్యారియర్ మీద పరుపు, బట్టలు తప్ప ఇంకేమీ వద్దు. వెనక యాక్సిల్ దాటి వేలాడే ప్రతి కిలో సబ్‌ఫ్రేముని (సీటు కింది ఫ్రేముని) మీటలా వంచుతుంది. క్యారియర్ విరిగిన బండ్లలో పగులు వెల్డింగ్ అంచునే మొదలవుతుంది, రంగులో సన్నటి తుప్పు గీతలా కనిపిస్తుంది. ప్రయాణం మధ్యలో రోజుకొకసారి అక్కడ వేలితో తడిమి చూడండి. సంచులు కట్టడానికి ఇనుప కొక్కేల రబ్బరు తాళ్ళు వాడకండి, అవి సాగి ఊడి స్పోకుల్లో పడతాయి. బకిల్ పట్టీలు వాడి, మిగిలిన కొసలు ముడి వేయండి. సైలెన్సర్ వైపు సంచికి కనీసం రెండు వేళ్ళ ఖాళీ, మధ్యలో రేకు ఉండాలి.

చివరగా లైటు. బరువంతా ఎక్కించి, గోడకి అయిదు మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ లైటు పై అంచు లైటు మధ్య ఎత్తుకన్నా 5 నుంచి 7 సెం.మీ. కిందికి ఉండేలా స్క్రూ తిప్పుకోండి.

ఎక్స్‌పల్స్ ఫోర్ వాల్వ్‌కి 40 వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు బిగించాను. హెడ్‌లైట్ వైరులోంచే కరెంటు తీసుకుని, హ్యాండిల్ మీద స్విచ్చి పెట్టాను. వారం తిరక్కుండా స్విచ్చి కరిగింది. పెద్ద ఫ్యూజు వేయమని ఒకరు సలహా ఇచ్చారు.
పాఠకుడు, అనంతపురం

ఆ సలహా పాటించకండి. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరు నిప్పంటుకోకుండా. పెద్దది వేస్తే ఈసారి స్విచ్చి బదులు వైరింగు కరుగుతుంది.

లెక్క చూడండి. రెండు లైట్లు కలిపి 80 వాట్లు, ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.5 అనుకుంటే దాదాపు 6 ఆంప్స్. హెడ్‌లైట్ వైరు, చిన్న స్విచ్చి ఇంత అదనపు కరెంటు కోసం చేసినవి కావు. అందుకే కరెంటు ఒక దారిలో, స్విచ్చి ఇంకో దారిలో ఉండాలి. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి.

నాలుగు కాళ్ళ 12 వోల్టుల ఆటోమొబైల్ రిలే తెచ్చుకోండి. కాళ్ళ దగ్గర 30, 85, 86, 87 అంకెలుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 30కి. 87 నుంచి లైట్ల ప్లస్‌కి. 85 నుంచి ఎర్తుకి. 86కి మీ స్విచ్చి నుంచి వచ్చే వైరు. ఆ స్విచ్చికి కరెంటు మాత్రం తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోండి, టెయిల్ లైటు వైరు దీనికి బాగా పనికొస్తుంది. రిలే కాయిలు తీసుకునేది ఆంపులో అయిదోవంతు కూడా ఉండదు కాబట్టి ఆ వైరుకి ఏమీ కాదు. తాళం తీస్తే లైట్లూ ఆరిపోతాయి, రాత్రంతా వెలిగి బ్యాటరీ చచ్చిపోవడం ఉండదు.

ఫ్యూజు 10 ఆంప్స్. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఎవరూ ఉండరు గనుక అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్రధాన వైరు 1.5 చదరపు మి.మీ. మందం, సన్నటి పోగులు ఎక్కువ ఉన్న ఆటోమొబైల్ వైరు. మైనస్‌ను రంగేసిన ఫ్రేముకి తగిలించకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కి తీసుకెళ్ళండి. సగం "లైట్లు మిణుకుమంటున్నాయి" ఫిర్యాదులు చెడ్డ ఎర్తువే.

అతుకుల దగ్గర టంకం పెట్టొద్దు. టంకం ఎక్కినంత మేర పోగులు కడ్డీలా బిరుసెక్కి, సింగిల్ సిలిండర్ అదురుకి ఆ అంచున విరుగుతాయి. కొలతకు సరిపోయే టెర్మినల్‌ను క్రింపర్‌తో నొక్కి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. రిలేను సీటు కింద, కాళ్ళు కిందికి ఉండేలా వేలాడదీయండి, నీళ్ళు నిలవవు. హ్యాండిల్ మెడ దగ్గర వైరును బిగుతుగా కట్టేయకండి. అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి చూసి, ఎక్కడా లాగకుండా ఒక వంపు వదలండి. అక్కడే రాపిడికి తోలు ఊడి షార్టవుతుంది.

అయ్యాక మల్టీమీటరు తీసుకుని బ్యాటరీ మీద పెట్టండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచితే 12.6 పైన ఉండాలి. స్టార్టు చేసి రేస్ ఇచ్చి, హెడ్‌లైట్, ఈ రెండు లైట్లు, ఫోను చార్జరు అన్నీ వేసినప్పుడు 13.5 చుట్టూ ఉంటే నిశ్చింత. 13 కిందకి జారుతుంటే బండి తయారుచేసే కరెంటుకన్నా మీరు వాడేది ఎక్కువ. అప్పుడు 20 వాట్ల జత వేసుకోవడమే దారి. ఊళ్ళో, ఎదురుగా బండ్లు ఉన్నప్పుడు ఈ లైట్లు ఆపేయాలని, వాటికి మూతలు ఉంచాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం. శ్రీశైలం ఘాటు కోసమే పెట్టుకుంటున్నారా? నల్లమల చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసే ఉంటుంది.

ఎక్స్‌పల్స్‌కి ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) 13 పళ్ళది తీసి 12 వేస్తే ఘాట్‌లో లాగుతుందంటున్నారు. నిజమేనా?
పాఠకుడు, పాడేరు

నిజమే. చక్రం దగ్గర లాగుడు 8 శాతం పైన పెరుగుతుంది. వెనక మూడు పళ్ళు పెంచినంత. బదులుగా ఇదివరకు 80 వేగం ఇచ్చే ఇంజన్ చప్పుడు దగ్గర ఇప్పుడు 74 వస్తుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్ళకి ఇది చిరాకు. చిన్న స్ప్రాకెట్ మీద చైను మరీ ముడుచుకుని తిరుగుతుంది కాబట్టి చైనూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది రబ్బరు పట్టీ త్వరగా అరుగుతాయి.

మార్చాక చైను బిగువు తప్పకుండా చూడండి. ఇక్కడే తప్పు జరుగుతుంది. స్టాండు మీద ఉండగా చూడ్డానికి నీటుగా ఉండేలా బిగిస్తారు. వెనక చక్రం పైకి లేస్తూ ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగుస్తుంది. పొడుగు ప్రయాణం ఉన్న షాకబ్జర్లలో ఈ తేడా ఎక్కువ. ఇద్దర్ని సీటు మీద కూర్చోబెట్టి, ఆ మూడూ వరసలోకి వచ్చేదాకా నొక్కించి, అప్పుడు కూడా చైను వేలితో కదులుతోందో లేదో చూడండి. కదలకపోతే గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీద భారం పడుతున్నట్టే.

మట్టిలో పట్టు కోసం గాలి 12 పీఎస్ఐకి దించాను. రెండుసార్లూ వెనక ట్యూబు వాల్వు మొదట్లో చిరిగింది. ముల్లు లేదు, మేకు లేదు.
పాఠకుడు, ఉట్నూరు

గాలి బాగా తక్కువైతే బ్రేకు వేసినప్పుడూ, రేస్ ఇచ్చినప్పుడూ టైరు రిమ్ము మీద కొంచెం కొంచెంగా జరుగుతుంది. ట్యూబు టైరుకి అంటుకుని దానితో పాటే జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. చివరికి మొదట్లో తెగుతుంది. అదే ట్యూబులో పక్కపక్కన రెండు చిన్న చీలికలు కనిపిస్తే అది వేరే జబ్బు: రాయికి రిమ్ముకీ మధ్య నలిగింది. దానికీ కారణం తక్కువ గాలే.

రిమ్ లాక్ (టైరు అంచును రిమ్ముకి నొక్కి పట్టే బిగింపు) లేకుండా 18 నుంచి 20 పీఎస్ఐ కిందకి దిగొద్దు. ఇంకా దించాలంటే వెనక చక్రానికి రిమ్ లాక్ వేయండి. రిమ్ము మీద కొట్టి ఉన్న వెడల్పు అంకె (1.85, 2.15 లాంటిది) చూసి ఆ కొలతదే తెచ్చుకోవాలి. వాల్వుకి దాదాపు ఎదురుగా, స్పోకు రంధ్రాలకి దూరంగా ఒక రంధ్రం వేసి, అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయాలి. దాని బరువు వల్ల వేగంలో చక్రం కొట్టుకుంటుంది, అందుకు వాల్వు వైపు స్పోకులకి బరువులు కట్టాలి. నెలకోసారి అడవికి వెళ్ళేవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదని మా ఉద్దేశం.

ఒక చిన్న చిట్కా మాత్రం అందరికీ. వాల్వు మీద ఉండే చిన్న నట్టును రిమ్ముకి ఆనించి బిగించకండి. పైకి తెచ్చి మూతకి ఆనించి వదిలేయండి. అప్పుడు టైరు జరిగితే వాల్వు ఒక పక్కకి వంగి కనిపిస్తుంది. చూడగానే గాలి తీసి, టైరు వెనక్కి జరిపితే ట్యూబు దక్కుతుంది. నట్టు బిగించి ఉంటే ఆ హెచ్చరిక మీకు కనపడదు.

దారిలో ట్యూబు మార్చేటప్పుడు చేతులు కాదు, రిమ్ము మధ్య లోతే పని చేస్తుంది. టైరు అంచును ఒక వైపు ఆ లోతులోకి మోకాలితో తొక్కి పట్టి ఉంచితేనే ఎదుటి వైపు వదులొస్తుంది. బలంతో లివర్ వేస్తున్నారంటే ఎదుటి అంచు లోతులోంచి జారిందని అర్థం. ఆగి మళ్ళీ తొక్కండి. ఎక్కించేటప్పుడు వాల్వుకి ఎదుటి పక్క మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ట్యూబులో కాస్త గాలి నింపి గుండ్రంగా ఉంచితే లివర్ కింద నలగదు. టాల్కం పౌడరు చల్లితే ట్యూబు టైరుకి అతుక్కోదు. సంచిలో ముందు చక్రం 21 అంగుళాల ట్యూబు ఒకటి ఉంటే చాలు, అవసరానికి వెనక్కి కూడా మడతపడకుండా సర్ది ఊరు చేరవచ్చు. వెనక ట్యూబు ముందుకి పనికిరాదు. పంపు, మూడు లివర్లు, రెండు యాక్సిల్ నట్లకీ సరిపోయే పానాలు ఇంట్లోనే ఒకసారి వాడి చూసి సర్దుకోండి. తారు రోడ్డెక్కగానే గాలి తిరిగి మాన్యువల్ లెక్కకి.

టేపు అంటించి ట్యూబ్‌లెస్ చేయొచ్చా అని అడిగిన ఇంకో ఇద్దరికి: రిమ్ము మీద "ఎంటీ" అని కొట్టి ఉండి, లోపల టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉంటేనే ఆలోచించండి. ఆ గట్టు లేని రిమ్ములో గాలి తగ్గగానే టైరు అంచు లోతులోకి జారి, ఉన్న గాలంతా ఒక్కసారిగా పోతుంది. ముందు చక్రానికి అలా జరగడం ఊహించుకోండి.

హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు వేశాక, కుడివైపు పూర్తిగా తిప్పితే ఇంజన్ దానంతటదే రేస్ అవుతోంది.
పాఠకుడు, గుంటూరు

యాక్సిలరేటర్ వైరు చాలడం లేదు. తిప్పినప్పుడు అదే లాగుతోంది. ఇది సర్దుకునే వరకు బండి బయటికి తీయకండి, యూటర్న్‌లో పడేస్తుంది. ట్యాంకు తీసి, వైరు దారిని వంపు తగ్గేలా మార్చి, క్లిప్పుల్లోంచి విడిపించి చూడండి. 25 నుంచి 30 మి.మీ. రైజర్లకి చాలా బండ్లలో ఇది సరిపోతుంది. అంతకన్నా ఎత్తువైతే పొడుగు వైరూ, బ్రేకు గొట్టమూ కొనాల్సిందే. ముందు బ్రేకు గొట్టాన్ని షాకబ్జర్ పూర్తిగా సాగిన స్థితిలోనే చూడండి: ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పాలి. నేల మీద వదులుగా కనిపించిన గొట్టం గాల్లో తీగలా బిగుస్తుంది.

వాగు దాటుతుంటే మధ్యలో ఇంజన్ ఆగింది. సెల్ఫ్ కొట్టాను, "టక్" మని ఆగిపోయింది. ఏం చేసి ఉండాల్సింది?
పాఠకుడు, భద్రాచలం

సెల్ఫ్ ముట్టుకోకుండా ఉండాల్సింది. సిలిండరులో నీళ్ళు చేరితే పిస్టన్ పైకి రాలేదు, నీళ్ళు అణగవు. ఆ "టక్" అదే. గట్టిగా కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

తాళం తీసి బండిని ఒడ్డుకి తోయండి. ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి, తడిసి ఉంటే పిండి ఆరబెట్టండి, ఫిల్టరు డబ్బా అడుగున ఉన్న డ్రెయిన్ గొట్టం మూత తీసి నీళ్ళు వదలండి. ప్లగ్గు విప్పండి. బండిని స్టాండు మీద వెనక చక్రం లేపి, టాప్ గేరు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పితే ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతాయి. మొహం అడ్డం పెట్టకండి. చుక్క రాకుండా అయ్యేదాకా తిప్పి, సైలెన్సరులో నీళ్ళుంటే ఇద్దరు కలిసి ముందు చక్రం పైకెత్తి ఒంపండి. ప్లగ్గు తుడిచి బిగించి, అప్పుడు స్టార్టు చేయండి. స్టార్టయ్యాక ఆయిల్ కిటికీలోంచి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, దగ్గర ఊళ్ళోనే మార్చండి. కొత్త ఆయిల్ కూడా కాసేపు తిరిగాక రంగు మారితే ఇంకోసారి మార్చాలి.

వాగులో దిగే ముందు నడిచి చూడండి. నీళ్ళు చక్రం యాక్సిల్ దాకా అయితే నడపొచ్చు. మోకాలు దాటితే ఇంజన్ ఆపి ఇద్దరు చెరో పక్క పట్టుకుని తోయడం మేలు. వానాకాలంలో రంపచోడవరం, మారేడుమిల్లి వాగులు గంటలో ఎత్తు మారతాయి, పొద్దున దాటిన చోటే సాయంత్రం దాటొచ్చనుకోకండి.

సైలెన్సర్ మారిస్తే పట్టుకుంటారా? రైజర్లు, గార్డులకి కూడా ఆర్టీఓ అనుమతి కావాలా?
పాఠకుడు, విజయవాడ

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ వేరేగా పడుతుంది, మొదటిసారికే పది వేల దాకా. కాబట్టి సైలెన్సరు, ఇంజన్, రంగు ముట్టుకోవద్దు. విప్పేస్తే బండి మళ్ళీ షోరూమ్ రూపంలోకి వచ్చే బోల్టు సామాను (హ్యాండ్ గార్డు, బ్యాష్ ప్లేటు, సంచుల స్టాండు) వరకే ఆగితే తలనొప్పి తక్కువ. కొన్నవాటి బిల్లులు దాచి, ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్‌లో తెలియజేయండి. సైలెన్సర్ మార్చడం వల్ల వచ్చే లాభం అంతా చెవికే, చక్రానికి కాదు.

మనాలి నుంచి లేహ్ వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి బండ్లు రైల్లో పంపుతాం. ఒక్కో బండికి పది లీటర్ల పెట్రోలు డబ్బాలు రెండేసి కట్టమంటున్నారు.
పాఠకులు, ఉప్పల్

ఇరవై లీటర్లంటే పదిహేను కిలోలు, అదీ సీటు వెనక. అక్కర్లేదు. మనాలి దాటాక వచ్చే తాండీ బంకు దగ్గరి బోర్డు మీద తరువాతి బంకు 365 కి.మీ. అని రాసి ఉంటుంది. ఎక్స్‌పల్స్ ట్యాంకు 13 లీటర్లు. బరువుతో, కొండల్లో లీటరుకి 30 వచ్చినా 390 కి.మీ. హిమాలయన్ 411కి 15 లీటర్లు, 28 లెక్కన 420. దారి తప్పినా, వెనక్కి తిరగాల్సి వచ్చినా పనికొచ్చేలా బండికి అయిదు లీటర్లు చాలు. తాండీలో ట్యాంకు మూతదాకా నింపండి. రైల్వే పార్సిల్‌లో ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలి కాబట్టి దిగిన స్టేషన్ దగ్గర మొదటి బంకు ఎక్కడో ముందే చూసుకోండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకి ఎత్తు కోసం ఏమీ సర్దక్కర్లేదు. కానీ టాంగ్‌లాంగ్ లా లాంటి 5,300 మీటర్ల కనుమల మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగం. ఇంజన్ నీరసిస్తుంది, 12 పళ్ళ స్ప్రాకెట్ అక్కడ బాగా అక్కరకొస్తుంది. అదే కారణంతో మైదానంలో 29 పీఎస్ఐ పట్టిన టైరు, చలి లెక్క వేయకపోతే, అక్కడ గేజీలో 36 దాకా చూపిస్తుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి తగ్గించండి. తిరిగి మనాలి దిగినప్పుడు మెత్తబడిన టైరును చూసి పంచరనుకోకుండా ముందు గాలి కొట్టి చూడండి.